గడియారం వెనక కవర్లు

స్ప్రాట్ పళ్ళెం ముందు కూర్చున్నాడు గాని తినలేదు. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూశాడు. నాలుక చివరతో ఒక్కసారి తాకాడు. తాకగానే తల విదిలించి, ముందు కాలితో బుగ్గ గీరుకున్నాడు. తరవాత డెనిస్ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. పొరపాటు ఎవరిదో తేల్చుకోలేనివాడి చూపు అది.

పళ్ళెంలో ఉన్నది అలాంటిలాంటి చేప కాదు. పొగబెట్టిన హాడక్, తోక వైపు ముక్క, ముల్లన్నది లేకుండా వేళ్ళతో విప్పింది. గ్రిమ్స్‌బీ రేవు వెనక పొగగదుల్లో ముప్ఫై ఎనిమిదేళ్ళు చేపలు వేలాడదీసిన మనిషి డెనిస్ ఆస్గర్బీ. ఏ ముక్క ఎంత మెత్తనో ముట్టుకుని చెప్పేస్తాడు. నోరు బాగున్న పిల్లి ఏదీ ఆ ముక్కని కాదనదు.

నోరే బాగాలేదు. ఇది మూడో రోజు.

పదకొండేళ్ళ క్రితం వానలో ఖాళీ చేపల పెట్టెలో అరుస్తుంటే డెనిస్ భార్య ఐరిస్ కోటు జేబులో వేసుకొచ్చింది వాణ్ణి. అరచేతిలో పట్టేవాడు. అందుకే చిట్టి చేప పేరు పెట్టింది, స్ప్రాట్ అని. తరవాత వాడు తలగడంత అయ్యాడు గాని పేరు మాత్రం అదే మిగిలింది. ఐరిస్ పోయి మూడేళ్ళు. ఇప్పుడు స్ప్రాట్ మళ్ళీ చిక్కుతున్నాడు. వీపు నిమిరితే వేళ్ళకి ఎముకలు వరసగా తగులుతున్నాయి.

నిన్న పెద్ద వీధి చివర పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. కుర్ర డాక్టరు మర్యాదస్తుడే. నోరు తెరిచి చూసి, చిగుళ్ళన్నీ పుండయ్యాయన్నాడు. పదకొండో పన్నెండో పళ్ళు తీసెయ్యాలి, తీస్తే హాయిగా బతుకుతాడు, తియ్యకపోతే తిండి మానేస్తాడు, పిల్లులు తిండి మానేస్తే ఎక్కువ రోజులు ఆగవు అని ఒక సూది వేసి పంపాడు. బయట బల్ల దగ్గర అమ్మాయి ఖర్చు ఎంతవుతుందో కాగితం మీద ముద్రించి ఇచ్చింది. ఏడువందల నలభై పౌండ్లు. డెనిస్ ఆ అంకె చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చదివాడు. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి కాగితం వెనక్కి లాక్కుంది. దాని వెనక పెన్సిలుతో ఒక ఫోను నంబరు రాసింది.

"ధర్మాసుపత్రి అండీ, కాలవ అవతల. మేం ప్రియం. నేను చెప్పానని మాత్రం చెప్పకండి," అంది.

ఈ రోజు పొద్దున్నే ఆ నంబరుకి చేశాడు. అవతల ఆవిడ ఎంతో ఓపిగ్గా అడిగింది. పోస్టుకోడు సరిపోయింది. పిల్లి వయసు రాసుకుంది. ఆ తరవాత, "మీకు ప్రభుత్వం నుంచి ఏ సాయం అందుతోంది?" అంది.

"ఏమీ లేదమ్మా. నేనెప్పుడూ ఎవరి సొమ్మూ తీసుకోలేదు."

అలవాటు కొద్దీ తల కాస్త ఎత్తే అన్నాడు ఆ మాట. 

"అయితే మేం చూడలేమండీ. సాయం అందుకునేవాళ్ళ జంతువుల్నే చూడాలని మాకు నిబంధన. క్షమించండి."

"మీరేం చేస్తారమ్మా," అని పెట్టేశాడు. ఆ తరవాతే హాడక్ ముక్క విప్పాడు. స్ప్రాట్ తినలేదు.

వెనక తలుపు తోసుకుని పక్కింటి బెరిల్ వచ్చింది. ఆవిడకి తలుపు కొట్టే అలవాటు లేదు. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ముప్ఫై ఏళ్ళుగా ఇటు దగ్గినా తుమ్మినా అటు వినపడుతుంది. చేపలు కోసే గిడ్డంగిలో పనిచేసి రిటైరైంది. చేతులు ఇప్పటికీ కత్తి పట్టుకున్నట్టే కదులుతాయి, మాట కూడా అంతే.

"ఎంతన్నాడు?"

"ఏడువందల నలభై."

"పళ్ళు తియ్యడానికా, బంగారు పళ్ళు కట్టడానికా?"

డెనిస్ నవ్వలేదు. బెరిల్ నేల మీద చతికిలబడి స్ప్రాట్ గడ్డం కింద వేలితో రాసింది. వాడు కళ్ళు మూసుకున్నాడు.

"నీ అంత్యక్రియలకి దాచావుగా? అందులోంచి తియ్యి."

"అది దాచలేదు, కట్టేశాను. తియ్యడానికి ఉండదు. పెట్టె, కారు, పువ్వులు అన్నీ ముందే ఖాయం."

"బాగుంది. చచ్చాక నీకు ఓక్ చెక్క పెట్టె. బతికున్నవాడికి పస్తు." లేచి నిలబడి, చేతులు దులుపుకుంటూ గదంతా చూసింది. పొయ్యి గూటి మీద గడియారం దగ్గర ఆవిడ చూపు ఆగింది. దాని వెనక ఖాకీ కవర్లు కట్టగా పేరుకుని ఉన్నాయి. "అవేమిటి, ఇంకా పెరిగాయి?"

"శనివారం చూస్తాలే."

"ఏ సంవత్సరం శనివారం?"

ఆ ఇంట్లో ఖాకీ కవర్లు చింపేది ఐరిస్. మధ్యాహ్నం టీ తాగాక, వెన్న కత్తితో, పై అంచున సన్నగా చింపి చదివేది. "భయపడేది కాదులే" అనో, "ఇది నేను చూసుకుంటాలే" అనో అనేది. ప్రభుత్వం పంపే ఖాకీ కవర్లో మంచి మాట ఉండదని డెనిస్ తండ్రి నమ్మకం. అది కొడుక్కి వచ్చింది. తెల్ల కవర్లు చింపుతాడు. కరెంటు, గ్యాసు, నీళ్ళు, అన్నీ ఏ రోజుకా రోజు కట్టేస్తాడు. ఖాకీవి మాత్రం గడియారం వెనక్కి వెళ్ళిపోతాయి.

"సరే, విను," అంది బెరిల్. "రేపటి నుంచి వీడు నా పిల్లి. నాకు పింఛను చాలనందుకు ప్రభుత్వం ఇచ్చే భర్తీ వస్తుంది, ఇంటద్దె సాయం వస్తుంది, అన్నిటికీ కాగితాలున్నాయి. సంచిలో పెట్టుకొస్తా."

"అది అబద్ధం, బెరిల్."

"సగం నిజం. మధ్యాహ్నం భోజనం ఎవరింట్లో చేస్తాడు వీడు? నా మంచం మీద వెంట్రుకలు ఎవరివి? నావా?"

డెనిస్ పిల్లిని చూశాడు. స్ప్రాట్ నోటి మూల నుంచి సన్నగా చొంగ కారుతోంది. పూర్వం మీసాల మీద ఒక్క చుక్క నిలవనిచ్చేవాడు కాదు.

"సరే," అన్నాడు.

మర్నాడు బస్సు డ్రైవరు మెట్టు కిందికి దించి, డెనిస్ పిల్లి పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాకా కదల్లేదు. అద్దంలోంచి చూసి, "కూర్చున్నాడా పెట్టెలో చిన్నాయన?" అని అడిగి మరీ బండి తీశాడు. ఆ మాటకే డెనిస్ కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. ఈ మధ్య ఎవరు కాస్త మెల్లిగా మాట్లాడినా అలాగే అవుతోంది.

ధర్మాసుపత్రిలో గంటన్నర బల్ల మీద కూర్చున్నారు. పిలిచిన నర్సు పేరు కెర్రీ. యాభై దాటి ఉంటాయి. ముంజేతుల నిండా పాత గీతలూ కొత్త గీతలూ. బెరిల్ కాగితాలన్నీ బల్ల మీద పరిచేసింది.

"పిల్లి నాదే. పుట్టినప్పటి నుంచీ నా దగ్గరే. ఈయన మా పక్కింటాయన. పెట్టె మొయ్యడానికి వచ్చాడు."

"సరే," అని కెర్రీ స్ప్రాట్‌ని ఎత్తుకుంది. "ఏం నాన్నా, నోరు నొప్పా?" అంటూనే చిప్ చదివే పరికరాన్ని మెడ మీద ఆనించింది. అది కిచకిచమంది. కంప్యూటరులో ఏదో కొట్టి చూసింది.

డెనిస్‌కి అప్పుడు గుర్తొచ్చింది. యజమాని ఎవరో తెలియడానికి ఐరిస్ వాడి మెడ చర్మం కింద వేయించిన చిప్ సంగతి ఇద్దరిలో ఎవరూ తలచుకోనేలేదు.

"ఐరిస్ ఆస్గర్బీ ఎవరు?"

"మా అక్క," అంది బెరిల్.

"నా భార్య," అన్నాడు డెనిస్.

రెండు మాటలూ ఒకేసారి పడ్డాయి. కెర్రీ ఆవిణ్ణి చూసింది, ఈయన్ని చూసింది.

"అయితే ఈయన మీకు బావగారన్నమాట."

"అవును మరి," అంది బెరిల్.

"ఇందాక పక్కింటాయన అన్నారు."

"బావగారు పక్కింట్లో ఉండకూడదా?"

"చాల్లే బెరిల్." డెనిస్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అబద్ధమమ్మా. పిల్లి మా ఆవిడది. ఆవిడ లేక మూడేళ్ళు. ఇప్పుడు నాది. ఈవిడ మంచికే చేసింది. నేను ఒప్పుకోకుండా ఉండాల్సింది." పిల్లిని పెట్టెలోకి తీసుకోబోయాడు. కెర్రీ పెట్టె మూత మీద చెయ్యి వేసి ఉంచింది.

"కూర్చోండి. ఇంత దూరం వచ్చారు. మూడేళ్ళయినా పేరు మార్పించలేదేం? ఇప్పుడది చట్టం కూడా."

"ఫారంలో కారణం రాయమన్నారు."

కెర్రీ స్ప్రాట్ నోరు చూసింది, తూకం వేసింది. మూడు కిలోల నాలుగు వందలు. పాత చీటీలు ఉన్నాయా అంటే, డెనిస్ సంచిలోంచి పిల్లి దస్త్రం తీసిచ్చాడు. టీకాల కార్డు, చిప్ కాగితం, అన్నీ ఐరిస్ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కెర్రీ పేజీలు తిప్పుతూ మామూలుగా అడిగినట్టే అడిగింది, వారానికి పింఛను ఎంతొస్తుందని. డెనిస్ చెప్పాడు. ఇంకేమైనా వస్తుందా? పొగగది వాళ్ళది కొంచెం. ఎంత? చెప్పాడు. కెర్రీ కలం కింద పెట్టింది.

"డెనిస్ గారూ, మీకు రావాల్సింది మీకు రావట్లేదు. ఈవిడకొచ్చే భర్తీ మీకూ వస్తుంది. మీరు అడగలేదు, అంతే."

"పదిహేనో ఏట నుంచి పనిచేశానమ్మా నేను. చెయ్యి చాచను."

"చాచకు," అంది బెరిల్. "జేబులోనే పెట్టుకో ఆ చెయ్యి. మూడేళ్ళుగా చెబుతున్నా కెర్రీ, గోడకి చెప్పినా ఈపాటికి వినేది. నేను తీసుకుంటున్నాగా? సిగ్గుతో చచ్చానా?"

"వీధి దీపాలు కూడా ఆ డబ్బుతోనే వెలుగుతాయండీ," అంది కెర్రీ. "మీరు కళ్ళు మూసుకుని నడవరు కదా."

 కెర్రీ దస్త్రం మూయబోతే అట్ట లోపలి సంచిలోంచి ఒక కరపత్రం జారింది. పింఛను చాలనివాళ్ళకి ఇచ్చే భర్తీ గురించి. అంచులు మెత్తబడి ఉన్నాయి. ఫోను నంబరు కింద రెండు గీతలు, పక్కన ఐరిస్ పెన్సిలు రాత: పొద్దున్న ఎనిమిదికే చెయ్యాలి. తరవాత లైను దొరకదు.

డెనిస్ ఆ రాత చాలాసేపు చూశాడు. లైను దొరకదని ఆవిడకెలా తెలుసు? చేసి చూసి ఉంటుంది. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు, వేరు వేరు వేళల్లో, తను రేవు వైపు నడకకి వెళ్ళినప్పుడు. చేసి, తను ఒప్పుకోడని ఊరుకుని, తను తప్పకుండా తెరిచే దస్త్రం ఇదొక్కటేనని ఇందులో పెట్టింది. ఒక్క మాట అనలేదు.

"ఇది మీ దగ్గరే ఉంచుకోండి," అంది కెర్రీ మెల్లిగా. "ఈ రోజు నేను నొప్పి తగ్గే మందు ఇవ్వగలను. నోట్లో చుక్కలు వెయ్యాలి. అంతవరకే నా చేతిలో ఉంది. మీ పేరు మీద భర్తీ మంజూరైన ఉత్తరం వచ్చిన రోజు వీణ్ణి తీసుకురండి. ఆ రోజే చేర్చుకుంటాం. ఒకటి మాత్రం మర్చిపోకండి. మూడు కిలోల కంటే తగ్గితే మత్తు ఇవ్వడానికి మా డాక్టరమ్మ ఒప్పుకోదు. లేవకపోవచ్చని ఆవిడ భయం. ఈలోపల ఎలాగోలా తినిపించండి."

మర్నాడు ఎనిమిదికి కరపత్రంలోని నంబరుకి ఫోను చేశాడు. ఐరిస్ చెప్పినట్టే లైను దొరికింది. నాలుగు నిమిషాలకే ఒకాయన పలికాడు. కొండప్రాంతం యాస, పెద్ద తొందర లేని గొంతు. అడిగినవన్నీ చెప్పాడు డెనిస్. పుట్టిన తేదీ, పెళ్ళి తేదీ, బ్యాంకులో ఎంతుంది, ఇల్లు ఎవరిది.

"భార్య చనిపోయిన తేదీ చెబుతారా సార్?"

చెప్పాడు. బయటికి, ఇంకో మనిషికి, ఆ తేదీ పూర్తిగా చెప్పడం అదే మొదటిసారేమో అనిపించింది. ఆయన టైపు చెయ్యడం ఆపి, "తొందరేం లేదు సార్," అన్నాడు. తొందర ఉంది, పిల్లికి. ఆ మాట చెప్పలేకపోయాడు. మూడు వారాల్లో ఉత్తరం వస్తుందన్నారు.

ఇక రోజుకి అయిదుసార్లు తినిపించడం. బెరిల్ చేపని ఉడికించి, టీ వడగట్టే జల్లెడలో రుద్ది, గంజిలా చేసి గిన్నెలో పంపేది. రేవు దగ్గర చేపల కొట్టు పామ్ తోక ముక్కలు కాగితంలో చుట్టి ఉంచేది. డెనిస్ జేబులో చెయ్యి పెడితే, "పిల్లి తిండికి నేను డబ్బు తీసుకుంటే నా చేపలు కుళ్ళిపోతాయి, పో," అనేది. డెనిస్ స్ప్రాట్‌ని తువ్వాలులో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, చెంచా చివరతో కొంచెం కొంచెంగా నాలుక మీద రాసేవాడు. సగం తువ్వాలుకి అంటేది. ఒక్కోసారి అంతా అయ్యాక వాడు లేచి వెళ్ళి తలుపు పక్కన కక్కేవాడు. అప్పుడు డెనిస్ మోకాళ్ళ మీద కూర్చుని తుడిచి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. చాలా రోజులు సొంత భోజనం సంగతి సాయంత్రానికి గాని గుర్తొచ్చేది కాదు.

పొద్దున్నే తూకం. ఐరిస్ కేకుల పిండి తూచే త్రాసు మీద ఆవిడ పిండి గిన్నె పెట్టి, అందులో స్ప్రాట్‌ని కూర్చోబెట్టేవాడు. మొదట్లో వాడు అవమానంగా తోక కొట్టేవాడు. పోనుపోను ఓపిక లేక గిన్నెలోనే ముడుచుకుని పడుకునేవాడు. అలా ఊరికే పడుకుంటే తూకం వెయ్యడం తేలికే. ఆ తేలికే డెనిస్‌కి నచ్చలేదు. మూడు మూడువందలు. మూడు రెండువందల యాభై. ఒక వారం అక్కడే నిలిచింది. ఆ వారంలో ఒక మధ్యాహ్నం డెనిస్ రొట్టెకి వెన్న రాసుకుంటుంటే, స్ప్రాట్ వచ్చి బొటనవేలి మీది వెన్న మొత్తం నాకేశాడు. గోడ మీద దబదబా కొట్టి బెరిల్‌ని పిలిచి చూపించాడు.

"నీ వేలు కూడా తినెయ్యమను, బలం వస్తుంది," అందావిడ. కాని ఆ సాయంత్రం తనింట్లో ఉన్న వెన్నంతా తెచ్చి ఇచ్చింది.

మూడు వారాలు దాటాయి. రోజూ పదింటికి పోస్టు వచ్చేది. డెనిస్ పదికి పది నిమిషాలుండగానే తలుపు దగ్గర నిలబడేవాడు. ఒక రోజు బెరిల్ పంపిన కార్డు, పుట్టినరోజుది. డెబ్భై ఏడు నిండాయి. ఇంకో రోజు నీళ్ళవాళ్ళది. తెల్ల కవరు కనపడగానే వంగి తీసేవాడు, పంపినవాళ్ళ పేరు చదివి పక్కన పెట్టేవాడు. నాలుగో వారం. నొప్పి మందు అయిపోతే కెర్రీ ఇంకో సీసా ఇచ్చింది. తూకం మూడు నూట పది. మూడు యాభై.

మంగళవారం పొద్దున్న త్రాసు మూడు కిలోల దగ్గర ఆగింది. డెనిస్ గిన్నెలోంచి వాణ్ణి తియ్యకుండా అలాగే నిలబడ్డాడు. బెరిల్ గంజి గిన్నెతో వచ్చి చూసింది.

"మనం వీణ్ణి కష్టపెడుతున్నామేమో," అన్నాడు. "వాడు అడగలేడు కదా. సూది వేసి శాశ్వతంగా నిద్రపుచ్చెయ్యమంటే ఆ ఖర్చు నేను పెట్టుకోగలను. అది నలభయ్యో యాభయ్యో."

బెరిల్ అప్పటికప్పుడు ఏదో అనేసే మనిషి. ఈసారి మాత్రం గిన్నె కింద పెట్టి కుర్చీలో కూర్చుంది. "ఉత్తరం రానేలేదా?"

"లేదు. వస్తే చెప్పనా?"

"ఏమీ రాలేదా?"

"నీళ్ళవాళ్ళది వచ్చింది. నీ కార్డు వచ్చింది. ఇంకేదో ఖాకీది..."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తరవాత ఇద్దరూ గడియారం వైపు చూశారు.

మంచి ఉత్తరం తెల్ల కవర్లో వస్తుందనుకున్నాడు డెనిస్. అనుకున్నానని కూడా అతనికి తెలీదు. ఆ ఖాకీ కవరు చాప మీద పడినప్పుడు చెయ్యి దానంతటదే వంగి తీసి, దానంతటదే గడియారం వెనక పెట్టింది. పెట్టి మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళి, ఉత్తరం కోసం చూస్తూ నిలబడ్డాడు.

బెరిల్ కట్ట మొత్తం లాగింది. పైదాన్ని వెన్న కత్తితో చింపింది. కాగితం దూరంగా పట్టుకుని చదివి, చివర తేదీ చూసింది.

"మంజూరైంది. పూర్తిగా. ఇది వచ్చి తొమ్మిది..." అని డెనిస్ మొహం చూసి ఆగిపోయింది. నోటి దాకా వచ్చినదాన్ని బెరిల్ మింగడం డెనిస్ ఇన్నేళ్ళలో మొదటిసారి చూశాడు. "కోటు వేసుకో," అంది.

ఆస్పత్రి త్రాసు కచ్చితంగా ఉంటుంది. రెండు కిలోల తొమ్మిది వందల అరవై.

కెర్రీ ఆ అంకె చూసి డెనిస్‌ని చూడలేదు. ఉత్తరం తీసుకుని లోపలికెళ్ళింది. తలుపు వెనక మాటలు వినపడ్డాయి గాని అర్థం కాలేదు. బెరిల్ సంచి పట్టీ తిప్పుతూ కూర్చుంది. డెనిస్ పెట్టె చువ్వల్లోంచి వేలు పెట్టాడు. స్ప్రాట్ నుదురు తెచ్చి ఆ వేలికి ఆనించాడు.

డాక్టరమ్మ బయటికొచ్చింది. పొట్టిగా, అలిసిపోయి ఉంది. చేతులు తుడుచుకుంటూ నిలబడే మాట్లాడింది.

"ఉత్తరం తేదీ చూశాను. ముందే ఎందుకు తేలేదు?"

"కవరు చింపలేదమ్మా," అన్నాడు డెనిస్. 

ఆవిడ తల ఊపింది. ఆ మాట కొత్తగా విన్నట్టు లేదు. "మా అమ్మ సొరుగులో పెట్టేది," అంది. "సరే. మూడు కిలోలన్న గీత నేను గీసిందే. ఈ రోజు ఉంచుకుని సెలైను ఎక్కిస్తాను, వెచ్చగా ఉంచుతాను. రేపు పొద్దున్న చేస్తాను. లేస్తాడని మాట ఇవ్వను. అది తెలిసి సంతకం పెట్టండి."

ఫారం మీద పిల్లి యజమాని అని ఉన్నచోట ఖాళీ ఉంది. డెనిస్ తన పేరు రాశాడు. కెర్రీ అది తీసుకుంటూ, "చిప్‌లో కూడా ఇదే పేరు పెట్టించనా?" అంది.

"ఆవిడ పేరు పూర్తిగా చెరిపేస్తారా?"

"పేరు చిప్‌లో ఉండదండీ. అందులో ఉన్నవి అంకెలే, పదిహేను. ఆవిడ వేయించినవి. అవి వాడి మెడలోనే ఉంటాయి, మారవు. ఆ అంకెల పక్కన రాసే పేరే మారేది."

డెనిస్ దాన్ని కాసేపు మనసులో తిప్పుకున్నాడు. "అయితే రాయమ్మా," అన్నాడు. కారణం గడిలో తనే, తన చేత్తో, రాయవలసిన ఒక్క మాటా రాశాడు.

మర్నాడు మధ్యాహ్నం దాకా ఫోను రాలేదు. బెరిల్ ఇటే వచ్చి కూర్చుంది. టీ పెట్టింది, చల్లారిపోతే పారబోసి మళ్ళీ పెట్టింది. డెనిస్ పిండి గిన్నె కడిగి తుడిచాడు. తుడిచిన గిన్నెనే ఇంకోసారి కడిగాడు.

"అరిగిపోతుంది," అంది బెరిల్.

"తొమ్మిది రోజులు, బెరిల్."

"తెలుసు."

"నా చేత్తోనే అక్కడ పెట్టాను."

"తెలుసు, డెనిస్. ఆ గిన్నె ఇటివ్వు."

రెండున్నరకి ఫోను మోగింది. కెర్రీ. "లేచాడండీ. పన్నెండు పళ్ళు. లేవగానే నన్ను గీరాడు, లోతుగా. రేపు వచ్చి తీసుకెళ్ళండి."

డెనిస్ థాంక్స్ చెప్పాలనుకున్నాడు. ఫోను బెరిల్‌కి ఇచ్చేసి పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాడు.

ఇంటికొచ్చిన రోజు స్ప్రాట్ గదులన్నీ తిరిగి వాసన చూసి, ఆస్పత్రి మీద ఉన్న కోపమంతా చూపించడానికి ఒక గంట సోఫా కింద ఉన్నాడు. తరవాత పళ్ళెం దగ్గరికి వచ్చాడు. తోక వైపు ముక్క, ముల్లు లేకుండా విప్పింది. ముక్కుతో తాకాడు. నాలుకతో తాకాడు. తల విదల్చలేదు. పళ్ళు తగ్గిన నోటితో చప్పరిస్తుంటే పెద్దాయన గంజి తాగినట్టు చప్పుడైంది.

"వింటుంటే మా నాన్న భోజనం చేస్తున్నట్టుంది," అంది బెరిల్.

డెనిస్ బల్ల మీద ఖాకీ కవర్ల కట్ట పెట్టుకుని కూర్చున్నాడు. వెన్న కత్తి చేతిలో ఉంది. మొదటిది చింపాడు. ఇంటి పన్ను తగ్గింపుకి రాసుకోమని. రెండోది చింపాడు. చలికాలం ఖర్చులకి సాయం ఉందని. మూడోది రెండేళ్ళ క్రితానిది. మీకు పింఛను భర్తీ రావలసి ఉండవచ్చు, దయచేసి ఫోను చేయండి అని, మర్యాదగా, పెద్ద అక్షరాల్లో.

బెరిల్ వంగి చదివింది. నోరు తెరిచింది.

"అను," అన్నాడు డెనిస్.

"ఏం లేదు. టీ పెడతా."

ఆవిడ లేచి వెళ్ళింది. డెనిస్ నాలుగోది తీసుకున్నాడు. పై అంచున సన్నగా, కాగితం చిరక్కుండా కత్తి దూర్చాడు. ఐరిస్ ఇంత నీటుగా ఎలా కోసేదో ఇప్పటికీ తెలియలేదు. తనకి వంకరగానే వస్తోంది. కింద స్ప్రాట్ పళ్ళెం ఖాళీ చేసి, దాన్ని ముక్కుతో నేల మీద తోసుకుంటూ బల్ల కాలి దాకా తెచ్చి, తలెత్తి చూశాడు.

"ఆగు, ఇదొక్కటీ చదవనీ," అన్నాడు డెనిస్.

వాడు ఆగలేదు, అరిచాడు. డెనిస్ కవరు పక్కన పెట్టి లేచాడు. పొయ్యి గూటి మీద గడియారం గోడకి పూర్తిగా ఆనుకుని ఉంది. మూడేళ్ళుగా అది కాస్త ముందుకి వాలి ఉందని ఇప్పుడే గమనించాడు.